పాత పికప్‌కు కొత్త ముందు సస్పెన్షన్ – మూడో పాఠం: కోతకు ముందు కొలత

మొదటి పాఠంలో పాత పికప్ ముందు ఇరుసు ఎలా పనిచేస్తుందో చూశాం. రెండో పాఠంలో దాని స్థానంలో అమర్చదగిన కొత్త అమరికలను పరిచయం చేసుకున్నాం. ఈ పాఠంలో ఒక్క కోత కూడా లేదు. పాత ఇరుసు బండి కిందే ఉండి, బండి తన నాలుగు చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే తీసుకోవలసిన కొలతలు కొన్ని ఉన్నాయి. ఇరుసు ఊడదీసిన తర్వాత వాటిని తిరిగి రాబట్టడం దాదాపు అసాధ్యం కాబట్టి, ఒక పాఠం మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాను.

మనం నమూనాగా తీసుకున్నది 1953 నుంచి 1956 వరకు వచ్చిన ఫోర్డ్ ఎఫ్-100 పికప్. దాని వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల కేంద్రాల మధ్య దూరం) 110 అంగుళాలు, అంటే 2794 మిల్లీమీటర్లు. ముందు వైపు ఒకే దూలం లాంటి ఇరుసు, రెండు కమాన్ కట్టలు, చివర్లలో చక్రం పక్కకు తిరగడానికి కీలులా పనిచేసే కింగ్ పిన్లు ఉంటాయి. ఒక చక్రం రాయి ఎక్కితే ఇరుసు మొత్తం వాలుతుంది కాబట్టి రెండో చక్రమూ దానితో పాటు ఒరుగుతుంది. 1944లో తెరిచిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డులో, ఇప్పుడు దిగడానికి వాడే ఆ దారిలో, అరిగిన కింగ్ పిన్లున్న పాత బండిని నడిపిన వారికి ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. మలుపు మధ్యలో చిన్న గతుకు తగిలినా స్టీరింగ్ చేతిలో ఒక్కసారిగా కొట్టుకుంటుంది. రెండు చక్రాలూ దేనికది విడిగా కదిలే అమరిక కోసం అమెరికాలో ఈ పికప్‌లకు ఎక్కువగా రెండు దారులు పట్టారు. ఒకటి 1974–78 మస్టాంగ్ 2 కారు ముందు భాగపు నమూనాలో తయారయ్యే కిట్లు, రెండోది 2003–2011 మధ్య వచ్చిన క్రౌన్ విక్టోరియా కారు నుంచి క్రాస్ మెంబర్‌ను (ఛాసీ రెండు పట్టీలను కలిపే అడ్డ దూలం), చక్రాలను పట్టి ఉంచే చేతులు, స్టీరింగ్ కదలికను చక్రాలకు అందించే ర్యాక్‌తో సహా విప్పి తెచ్చి అమర్చడం.

కొలతల్లోకి వెళ్లే ముందు చట్టం గురించి స్పష్టంగా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా నొక్కి చెప్పింది. అంతేకాక, 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ హోదా ఇచ్చే 2021 నాటి కేంద్ర నియమాలు బండి అసలు రూపంలోనే ఉండాలనీ, ఛాసీలో పెద్ద మార్పులేవీ జరిగి ఉండకూడదనీ అడుగుతాయి. అందువల్ల అంత పాత బండి మీ దగ్గర ఉంటే, ఈ మార్పు చేసిన రోజునే ఆ హోదా మీద ఆశ వదులుకోవాలి. నా అభిప్రాయంలో చెక్కుచెదరని పాత బండిని కోయడం తగదు. ముందు భాగం ఎలాగూ పాడైపోయిన బండినే ఈ పనికి ఎంచుకోవాలి. తిరుపతి, చిత్తూరుల్లో ఉన్నవారు రవాణా కార్యాలయం నుంచి లిఖితపూర్వక అనుమతి లేకుండా మార్చిన బండిని రోడ్డెక్కించవద్దు. పని నేర్చుకోవడానికి మాత్రం ఒక తుక్కు ఛాసీ, చదునైన నేల ఉంటే చాలు. అమెరికాలో తమ గ్యారేజీలో పాత ఫోర్డ్ ఉంచుకొని ఈ పాఠాలు చదువుతున్న తెలుగువారు తమ రాష్ట్ర నియమాలు చూసుకోవాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. సస్పెన్షన్‌లో కోణాలన్నీ నేల నుంచి లెక్కకు వస్తాయి, ఛాసీ నుంచి కాదు. కిట్‌తో వచ్చే కాగితంలో క్రాస్ మెంబర్‌ను ఛాసీకి సమాంతరంగా పెట్టమని ఉండవచ్చు. ఛాసీ నేలకు సమాంతరంగా నిలబడితేనే ఆ సూచన సరిపోతుంది. పికప్‌లు సాధారణంగా ఖాళీగా ఉన్నప్పుడు వెనుక కాస్త ఎత్తుగా, ముందుకు వాలి నిలబడతాయి. 2794 మిల్లీమీటర్ల పొడవులో ముందు భాగం వెనుక కంటే 49 మిల్లీమీటర్లు కిందికి ఉంటే ఆ వాలు ఒక డిగ్రీ. ఆ స్థితిలో క్రాస్ మెంబర్‌ను ఛాసీకి సమాంతరంగా వెల్డింగ్ చేస్తే, కాగితంలో 4 డిగ్రీలని ఉన్న క్యాస్టర్ నేల మీదికి వచ్చేసరికి 3 డిగ్రీలే మిగులుతుంది. క్యాస్టర్ అంటే స్టీరింగ్ తిరిగే కీలు రేఖ పైభాగం వెనక్కి వాలి ఉండడం. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నేరుగా రావడానికి ప్రధాన కారణం అదే. పవర్ స్టీరింగ్ ఉన్న ఇలాంటి అమరికకు 3 నుంచి 5 డిగ్రీల మధ్య క్యాస్టర్ ఉండేలా చూసుకుంటారు కాబట్టి, ఒక డిగ్రీ పోవడం చిన్న విషయం కాదు.

బరువు వేసినప్పుడు దీనికి విరుద్ధంగా జరుగుతుంది. దామలచెరువు మామిడి మండీకి వెళ్లే పికప్‌ను పక్క నుంచి చూడండి: కాయల పెట్టెలు నిండేకొద్దీ వెనుక కమాన్లు కుంగి, ముందు భాగం పైకి లేస్తుంది, హెడ్‌లైట్ల వెలుగు చెట్ల కొమ్మల మీద పడుతుంది. అప్పుడు క్యాస్టర్ పెరిగి స్టీరింగ్ బరువెక్కుతుంది. కాబట్టి మీ బండి ఎక్కువగా ఎలా తిరుగుతుందో ముందు నిర్ణయించుకోవాలి. సరుకు మోసే బండి అయితే సగం బరువు వేసిన స్థితిలోనూ, సరదాకు నడిపే బండి అయితే డ్రైవర్ బరువు, నిండు ట్యాంకుతోనూ కొలవాలి. ఇంజిన్, రేడియేటర్, బ్యాటరీ, బానెట్, మడ్‌గార్డులు అన్నీ బిగించి ఉండగానే ఈ కొలత తీసుకోవాలి.

కొలవడానికి ముందు నేల మట్టం చూడాలి. ఖరీదైన లేజర్ పరికరం అక్కర్లేదు. ఇళ్లు కట్టే మేస్త్రులు వాడే నీళ్ల లెవల్ పైపు చాలు. పారదర్శకంగా ఉన్న సన్నని గొట్టంలో నీళ్లు నింపి, బుడగలన్నీ పోయేదాకా ఆగి, ఒక కొసను ముందు ఎడమ చక్రం దగ్గర నిలువు కర్రకు కట్టి, రెండో కొసను మిగిలిన మూడు చక్రాల దగ్గరికి వరుసగా తీసుకెళ్లండి. ప్రతిచోటా నీటి మట్టం నుంచి నేల దాకా ఎంత దూరం ఉందో స్టీల్ స్కేలుతో కొలిస్తే నేల ఎక్కడ ఎంత పల్లంగా ఉందో తెలుస్తుంది. పల్లం ఉన్న చక్రం కింద అంత మందం రేకు ముక్కలు పేర్చి సరిచేయాలి. గొట్టంలో ఒక్క బుడగ మిగిలినా కొలత తప్పుతుంది, ఎండలో వదిలేసిన గొట్టంలో బుడగలు మళ్లీ పుడతాయి, కాబట్టి ఈ పని ఉదయం పూట నీడలో చేయడం మంచిది.

నేల సరిగ్గా వచ్చాక ఛాసీ ఎత్తులు కొలవాలి. ఎఫ్-100 ఛాసీ పొడవునా ఒకే మట్టంలో ఉండదు, ఇరుసుల దగ్గర వంపులు తిరుగుతుంది. అందుకని క్యాబిన్ కింద నేరుగా ఉన్న భాగాన్ని ఎంచుకొని, అక్కడ రెండు పట్టీల మీదా సెంటర్ పంచ్‌తో గుర్తులు కొట్టి, ఇకపై అన్ని ఎత్తులనూ ఆ గుర్తుల నుంచే రాసుకోవాలి. సుద్దగీత చెరిగిపోతుంది, పంచ్ గుర్తు పెయింట్ కింద కూడా దొరుకుతుంది.

తర్వాత చక్రపు కేంద్రరేఖ. కమాన్ కట్ట మధ్య బోల్టు ఇరుసు స్థానాన్ని చూపిస్తుంది. దాని మీద నుంచి దారానికి కట్టిన గుండు వేలాడదీసి నేల మీద గుర్తు పెట్టండి; రెండు వైపులా అలా గుర్తులు పెట్టి వాటిని కలుపుతూ గీత గీయండి. అదే గీతను గుండు సాయంతో ఛాసీ పట్టీల మీదికి ఎక్కించండి. అయితే కమాన్ కట్ట కుంగినప్పుడు ఇరుసు కొద్దిగా ముందుకో వెనక్కో జరుగుతుంది; షాకిల్ (కమాన్ కట్ట కొసను ఛాసీకి కలిపే ఊగే లంకె) ఏ కొసన ఉందో దాన్ని బట్టి ఆ దిశ మారుతుంది. కాబట్టి బండి నిర్ణయించిన ఎత్తులో నిలబడి ఉన్నప్పుడు తీసిన గీతే పనికి వస్తుంది, జాకీ మీద ఎత్తి తీసినది పనికి రాదు. ఆ తర్వాత మడ్‌గార్డు గుండ్రం మధ్యలో చక్రం ఉందో లేదో దూరంగా నిలబడి కంటితో కూడా చూడండి.

నేల మీది గుర్తులను ఆధారంగా తీసుకొని మూలమట్టం చూడాలి. వెనుక కమాన్ల ముందు బ్రాకెట్ బోల్టుల నుంచి గుండు వేలాడదీసి మరో రెండు గుర్తులు పెట్టి, ముందు కుడి నుంచి వెనుక ఎడమకు, ముందు ఎడమ నుంచి వెనుక కుడికి టేపుతో కొలవండి. ఈ రెండు ఐమూల కొలతలకు మూడు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే ఛాసీ ఎప్పుడో దెబ్బ తిని వంగిందన్న మాట. అలాంటి ఛాసీని ముందు సరిచేయించాలి. వంగిన ఛాసీ మీద ఎంత మంచి సస్పెన్షన్ బిగించినా బండి పక్కకు లాగుతూనే ఉంటుంది.

ఎత్తును నిర్ణయించేది టైరు. ఉదాహరణకు మన బొలెరోలకు వాడే 215/75 ఆర్15 టైరు తీసుకుందాం. 215లో 75 శాతం 161.25 మిల్లీమీటర్లు, దాన్ని రెండింతలు చేసి రిమ్ వ్యాసం 381 కలిపితే టైరు వ్యాసం 703.5 వస్తుంది. సగం 352, కాని బరువు పడ్డ టైరు కింద కుంగుతుంది కాబట్టి హబ్ మధ్య బిందువు నేల నుంచి అంతకంటే తక్కువ ఎత్తులోనే ఉంటుంది. ఆ తేడాను ఊహించకుండా, అదే సైజు టైరు, అదే గాలి, ఇంచుమించు అదే బరువు ఉన్న బండి దగ్గర కూర్చుని కొలవండి.

వెడల్పు లెక్క చాలామందిని తికమక పెడుతుంది కాబట్టి ఒక ఊహా ఉదాహరణ చెప్తాను. మడ్‌గార్డుల లోపలి అంచుల మధ్య 1720 మిల్లీమీటర్లు ఉందనుకోండి. ఒక్కో వైపు 25 వదిలితే టైర్ల బయటి అంచుల మధ్య 1670 మిగులుతుంది. టైరు వెడల్పు 215 తీసేస్తే టైర్ల మధ్యరేఖల దూరం 1455. రిమ్ ఆఫ్‌సెట్ (రిమ్ మధ్యరేఖకూ హబ్‌కు ఆనే ముఖానికీ మధ్య దూరం) సున్నా అయితే హబ్ ముఖాల మధ్య దూరం కూడా అంతే. ఆఫ్‌సెట్ ప్లస్ 20 అయితే చక్రం ఒక్కో వైపు 20 లోపలికి వస్తుంది కాబట్టి హబ్ ముఖాల మధ్య 1495 దాకా ఉండవచ్చు. క్రౌన్ విక్టోరియా ముందు ట్రాక్ (ఎడమ, కుడి టైర్ల మధ్యరేఖల దూరం) సుమారు 63 అంగుళాలు, అదీ ఆ కారు సొంత అధిక ఆఫ్‌సెట్ రిమ్‌లతో; వాటి బదులు పాత తరహా రిమ్‌లు పెడితే టైర్లు మడ్‌గార్డు దాటి బయటికి వస్తాయి. బోల్టుల సంగతీ ఇక్కడే చూసుకోవాలి. ఎఫ్-100 చక్రాలకు ఐదు బోల్టులు 139.7 మిల్లీమీటర్ల వృత్తంలో ఉంటాయి, మన పాత విల్లీస్, మహీంద్రా జీపులదీ అదే కొలత. క్రౌన్ విక్టోరియాది 114.3. అందువల్ల వెనుక ఇరుసు మార్చకపోతే ముందు స్టెప్నీ ఒకటి, వెనుక స్టెప్నీ ఒకటి మోయవలసి వస్తుంది.

మన దేశంలో ఉన్నవారు మరో రెండు విషయాలు గమనించాలి. ముందు చక్రాలకు డ్రైవ్ ఉన్న జీపుకు ఈ పద్ధతి వర్తించదు. అమెరికా ర్యాక్‌లు ఎడమ చేతి డ్రైవింగ్‌కు చేసినవి. వాటిని తిరగేసి కుడి వైపుకు తెచ్చుకోవచ్చన్న మాట షెడ్లలో వినిపిస్తుంది, కాని అది కుదరదు. తలకిందులు చేస్తే స్టీరింగ్ రాడ్ వచ్చి కలిసే పినియన్ షాఫ్ట్ నేల వైపు చూస్తుంది, వెనుకది ముందుకు తిప్పితే రేడియేటర్ వైపు చూస్తుంది. కుడి చేతి డ్రైవింగ్‌కు చేసిన ర్యాక్‌నే తెచ్చుకోవాలి.

ర్యాక్ స్థానం దగ్గర ఒక హెచ్చరిక. చక్రం పైకి కిందికి కదిలేటప్పుడు పై చేయి, కింది చేయి, ర్యాక్‌ను చక్రానికి కలిపే టై రాడ్ మూడూ వేర్వేరు చాపాలు గీస్తాయి. టై రాడ్ గీసే చాపం మిగిలిన వాటితో పొసగకపోతే, మీరు స్టీరింగ్ కదపకపోయినా గతుకు మీద చక్రం తనంతట తాను తిరుగుతుంది. దాన్ని బంప్ స్టీర్ అంటారు. ర్యాక్ లోపలి కీళ్లు పై చేయి, కింది చేయి లోపలి కీళ్లను కలిపే రేఖకు దగ్గరగా ఉండేలా తయారీదారు ముందే లెక్క వేసి పెడతాడు. వెడల్పు తగ్గించడానికి క్రాస్ మెంబర్‌ను మధ్యలో కోసి, ర్యాక్‌ను మాత్రం అలాగే వదిలేస్తే ఆ లెక్క మొత్తం పోతుంది. అందుకే, వెడల్పు సరిపోని సెట్‌ను కోసి సరిచేయకండి. సరిపోయే సెట్ దొరికేదాకా ఆగండి.

నాలుగో పాఠంలో సీ ఆకారపు ఛాసీ పట్టీలకు ప్లేట్లు వేసి పెట్టెలా మూయడం, క్రాస్ మెంబర్‌ను ట్యాక్ వెల్డింగ్‌తో నిలబెట్టడం నేర్చుకుంటాం. అప్పటికి మీ నోటు పుస్తకంలో ఖాళీ బండికీ, బరువు వేసిన బండికీ పంచ్ గుర్తుల దగ్గరి ఎత్తులు, రెండు వాలు కోణాలు, కేంద్రరేఖ స్థానం, రెండు ఐమూలలు, మడ్‌గార్డుల మధ్య దూరం, టైరు కుంగిన తర్వాత హబ్ ఎత్తు ఉండాలి. ప్రతి కొలతనూ మరుసటి రోజు పాత అంకెలు చూడకుండా ఇంకోసారి తీసి పక్కన రాయండి. రెండూ కలవని చోట మూడోసారి కొలవండి. బండిని ఎత్తిన ప్రతిసారీ ఛాసీ కింద ఇనుప స్టాండ్లు పెట్టండి, ఇటుకలు గానీ చెక్కముక్కలు గానీ వాడకండి. పాత ఇరుసు, కమాన్ కట్టలు ఇంకా విప్పకండి. నాలుగో పాఠం మొదటి పని వాటి మీదే ఉంటుంది.