ఆన్‌లైన్ గేమ్‌లో గ్రైండింగ్ ఏదో, అసలైన ఆట ఏదో ఎలా తేల్చుకోవాలి?

ఆఫీసు నుంచి వచ్చి, తిని, గేమ్ తెరిచేసరికి రాత్రి తొమ్మిదిన్నర. మా స్క్వాడ్‌లో మియాపూర్ కుర్రాడు ఒకడున్నాడు, ఉన్న రెండు గంటల్లో గంటన్నర డైలీ మిషన్లకే పోగొట్టుకుని, మేం మ్యాచ్ మొదలుపెట్టే వేళకి ఆవలిస్తుంటాడు. అడిగితే "గ్రైండ్ చేయక తప్పదన్నా" అంటాడు. గ్రైండ్ అంటే కొత్తగా నేర్చుకునేదేమీ లేకుండా, రివార్డ్ కోసం ఒకే పనిని పదేపదే చేయడం. చాలావరకు తప్పించుకోవచ్చు, కానీ ముందు ఏది గ్రైండో తెలియాలి.

ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను తీసుకోండి. ఫోన్‌లో రాయొద్దు, రాయబోయి రీల్స్ చూస్తూ కూర్చుంటారు. నాలుగు రోజులు గేమ్‌లో చేసిన ప్రతి పనీ, పట్టిన నిమిషాలూ రాయండి, మ్యాచ్ మొదలయ్యేదాకా లాబీలో ఎదురుచూసిన టైమ్‌తో సహా. తర్వాత పదేపదే వచ్చిన పనుల కింద గీత గీయండి. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు.

అందరూ తప్పు చేసేది దీని తర్వాతే. గీత పడినవన్నీ గ్రైండే అనుకుని మానేస్తారు. బీజీఎంఐ అనే షూటింగ్ గేమ్ ట్రైనింగ్ గ్రౌండ్‌లో ఎమ్416 తుపాకీతో అరగంట గోడ మీద కాలుస్తూ రీకాయిల్ (కాల్చినప్పుడు తుపాకీ ఎగిరిపడటం) అదుపు చేసుకోవడం పక్కనున్నవాళ్లకు విసుగే, కానీ అది నెట్స్‌లో ఒకే షాట్ వందసార్లు ఆడటం లాంటిది, చేయి నేర్చుకుంటోంది. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే గేమ్‌లో చెట్లు నరకడం చూడండి. 99వ లెవెల్‌కు 1,30,34,431 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) కావాలి, 92 దాకా వస్తే అందులో సగం అయినట్టు. రెడ్‌వుడ్ చెట్టు 90లోనే చేతికి వస్తుంది కాబట్టి, ఆ మిగతా సగమంతా కొత్తగా నేర్చుకునేది దాదాపు ఏమీ లేకుండా నరుకుతూ ఉండటమే.

ఈ రెండింటినీ విడదీయడానికి నేను వాడేది కామెంటరీ పరీక్ష. చెవిలో క్రికెట్ కామెంటరీ పెట్టుకుని ఆ పని ఇరవై నిమిషాలు చేయండి. ఫలితం మామూలు రోజులాగే వస్తే అది గ్రైండ్. దెబ్బతింటే మీ బుర్ర అక్కడ పనిచేస్తోందని అర్థం, దాన్ని వదలొద్దు.

జాగ్రత్తలు చాలా ఉన్నాయి. ర్యాంక్ మ్యాచ్‌లో ఈ పరీక్ష పెట్టకండి, మిగతా ముగ్గురి పాయింట్లు కూడా పోతాయి. నిద్రమత్తులో చేస్తే ఏదైనా దెబ్బతింటుంది, అది లెక్కలోకి రాదు. కొత్తగా నేర్చుకుంటున్న పని మీద అసలే వద్దు, చేయి తిరిగేదాకా ఆగాలి. ఒక్కసారి చూసి తేల్చేయకుండా మూడు రాత్రులు చూడాలి. ఎక్కువసేపు పట్టేదాన్ని కష్టమైనదిగా పొరబడకండి: బాస్ (చివర్లో ఎదురయ్యే పెద్ద శత్రువు) హెల్త్ మూడింతలు చేసి, ఎత్తులు మాత్రం అవే నాలుగు ఉంచితే మీ దగ్గర అదనంగా అడుగుతున్నది టైమ్. ఓడాక ఎందుకు ఓడారో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే అందులో ఆట ఉంది.

"రివార్డ్ లేకపోయినా చేస్తావా?" అని అడుక్కోమంటారు కొందరు. ఆ పద్ధతి నాకు నచ్చదు. ఆ జవాబు ఆ పూట మూడ్‌ని బట్టి మారిపోతుంది. పైగా చెట్లు నరకడమే హాయిగా ఉండేవాళ్లూ ఉన్నారు, అందులో తప్పేముంది? కామెంటరీ పరీక్షలో స్కోరు కళ్ల ముందు కనపడుతుంది.

గ్రైండ్ అని తేలినవాటిలో సగం కొట్టేయండి. ఫోన్‌లో అయ్యేవి మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ మెట్రోలో కానివ్వండి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేమ్ ఆడేవాళ్లు అందులోని సత్రంలోనే లాగౌట్ కావాలి, అక్కడ పోగయ్యే రెస్టెడ్ బోనస్‌తో రాక్షసులను చంపితే ఎక్స్‌పీ రెట్టింపు వస్తుంది.

రాత్రి మొదటి గంట స్క్వాడ్‌తో మ్యాచ్‌లకే ఉంచండి, పదకొండు దాటాక ర్యాంక్ ముట్టుకోవద్దు. కొత్త సీజన్ వచ్చిన వారమే నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి గీతలు మళ్లీ గీయండి, పాతవి చెల్లవు.