పడకగది ఆటలో కమిలిన ఒళ్లు: సమస్య - పరిష్కారం

ఇద్దరు పెద్దవాళ్లు ముందే మాట్లాడుకుని, "ఆపు" అంటే ఆగాలన్న ఒప్పందంతో చేత్తోనో బెల్టుతోనో కొట్టుకునే ఆట గురించే ఇది.

సమస్య: పిరుదు బాగానే ఉంది, పక్కన తుంటి దగ్గర నల్లగా కమిలింది

కారణం: బెల్టు కొస. ఒంటి వంపు తిరిగి చుట్టుకునేటప్పుడు కొస మిగతా బెల్టు కన్నా వేగంగా వచ్చి తగులుతుంది. పైగా అక్కడ కండ తక్కువ, ఎముక దగ్గర. నేను చూసిన వాటిలో ఎక్కువ మచ్చలు ఇలా పడ్డవే, బలంగా కొట్టడం వల్ల కాదు.

పరిష్కారం: బెల్టు రెండుగా మడవండి, లేదా కొట్టేవాళ్లు కాస్త వెనక్కి జరగండి. ముందు దిండు మీద సాధన చేయండి. ముదురు రంగు గలీబు వేసి, కొసకు పౌడర్ రాస్తే ఎక్కడ పడుతోందో తెలిసిపోతుంది. తల, మెడ, వెన్నెముక, నడుము పైభాగం, కీళ్లు ఎప్పుడూ వద్దు.

సమస్య: చిన్న దెబ్బకే పెద్ద మచ్చ

కారణం: మొదటి దెబ్బే గట్టిగా వేసి ఉంటారు. లేదా రక్తం త్వరగా గడ్డకట్టనివ్వని డిస్ప్రిన్, బ్రూఫెన్, ఎకోస్ప్రిన్ లాంటి మాత్రలు వేసుకుని ఉంటారు. ఇంకోటి కూడా ఉంది. విశాఖలో వానలు మొదలైతే డెంగీ టెన్షన్ తప్పదు కదా. జ్వరం దిగే రోజుల్లోనే ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) బాగా పడిపోతాయి. "జ్వరం తగ్గిందిగా" అని మొదలుపెట్టకండి.

పరిష్కారం: మెల్లగా మొదలుపెట్టి పెంచండి. ఎకోస్ప్రిన్ గుండె కోసం ఇచ్చి ఉంటే మానేయాల్సింది మాత్ర కాదు, ఆట. డెంగీ తర్వాత రక్తపరీక్ష మామూలుగా వచ్చేదాకా ఆగండి. కొట్టని చోట మచ్చలు పడుతున్నా, చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

సమస్య: వాపు, నొప్పి

మొదటి రెండు రోజులు తువ్వాలులో చుట్టిన ఐసు, ఒక్కోసారి 10-15 నిమిషాలు. అమృతాంజనం పెట్టి రుద్దేస్తే లోపల రక్తం ఇంకా కారుతుంది. మూడో రోజు నుంచి గోరువెచ్చని కాపడం. నొప్పికి పారాసెటమాల్. చర్మం చిట్లితే సబ్బునీళ్లతో కడిగి కట్టు కట్టండి, ఆర్కే బీచ్‌లో ఉప్పునీటి స్నానం మానండి. మర్నాడు భీమిలి దాకా బైక్ ప్రయాణం పెట్టుకోకపోతే ఇంకా మంచిది!

మచ్చ ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా మారితే కంగారు పడకండి. గడ్డకట్టిన రక్తం విరిగిపోతోంది. సుమారు రెండు వారాల్లో పోతుంది.

సమస్య: గట్టిపడి పెరుగుతున్న వాపు, తిమ్మిరి, మూత్రంలో రక్తం

ఇంట్లో వైద్యం వద్దు. విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాల్టీకైనా, దగ్గర్లోని ఆసుపత్రికైనా వెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి. మెట్ల మీంచి పడ్డానని చెప్పకండి. ఏ వస్తువుతో, ఎక్కడ తగిలిందో చెబితేనే డాక్టర్ సరైన చోట చూడగలరు. మీ భాగస్వామిని బయటికి పంపి, "ఇది మీ ఇష్టంతోనే జరిగిందా?" అని అడిగితే నొచ్చుకోకండి. "ఆపు" అన్నా ఆగలేదన్నదే నిజమైతే అక్కడే చెప్పండి. మహిళలకు 181 హెల్ప్‌లైన్ కూడా ఉంది.