హరిత ట్రైబ్యునల్‌కు దరఖాస్తు: ముందు తేదీ, తర్వాతే వాదన

ఊరి పక్కన థర్మల్ విద్యుత్ కేంద్రం వస్తుందంటారు. లేదా ఉన్న కేంద్రం బూడిద చెరువుకు గండి పడి, బూడిద నీళ్లు పొలాల మీదికి వస్తాయి. లేదా రసాయనాల కర్మాగారం రాత్రివేళ వాగులోకి వ్యర్థాలు వదులుతుంది. బాధితులు మొదట తహసీల్దారు దగ్గరికి వెళ్తారు. తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తారు. ఆ తర్వాత శాసనసభ్యుడి ఇంటికి తిరుగుతారు. రసీదుల కట్ట లావవుతుంది, నెలలు గడిచిపోతాయి. చివరికి ఎవరో పర్యావరణ వివాదాల ప్రత్యేక న్యాయస్థానమైన జాతీయ హరిత ట్రైబ్యునల్ మాట ఎత్తేసరికి అక్కడి గడువు దాటిపోయి ఉంటుంది.

అర్జీల మీద అర్జీలు పెట్టినంత మాత్రాన ట్రైబ్యునల్ గడువు ఆగదు. ఇక్కడ చాలామంది ఓడిపోయేది కాలుష్యం నిరూపించలేక కాదు, క్యాలెండర్ చూసుకోక. అందుకే దరఖాస్తు ఫారం కంటే ముందు తేదీల గురించే చెప్పాలి.

ఈ ట్రైబ్యునల్ 2010 నాటి చట్టంతో ఏర్పడింది. ఆ సంవత్సరం అక్టోబరు 18 నుంచి అమల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ చెన్నై చేపాక్‌లోని దక్షిణ మండల ధర్మాసనం పరిధిలోకి వస్తాయి. నీటి కాలుష్య చట్టం, వాయు కాలుష్య చట్టం, పర్యావరణ పరిరక్షణ చట్టం, అటవీ సంరక్షణ చట్టం, జీవవైవిధ్య చట్టం, ప్రజా బాధ్యతా బీమా చట్టం, 2017లో రద్దయిన నీటి సెస్సు చట్టం, ఈ ఏడింటి అమలులో తలెత్తే వివాదాలే దీని పరిధి. వన్యప్రాణి రక్షణ చట్టం ఇందులో లేదు. విద్యుత్ చట్టమూ లేదు. కరెంటు చార్జీల గొడవకు విద్యుత్ నియంత్రణ మండలి ఉంది. ఆ కరెంటు తయారుచేసే కేంద్రం పొగ, బూడిద, వేడినీళ్ల గొడవకు మాత్రం హరిత ట్రైబ్యునల్.

ఏ సెక్షను కింద?

మూడు సెక్షన్లున్నాయి. ఒక్కోదానికి ఒక్కో గడువు.

సెక్షన్ 16 అప్పీలు కోసం. ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతి తప్పని మీరనుకుంటే ఈ సెక్షన్ కింద వెళ్లాలి. గడువు 30 రోజులు. తగిన కారణం చూపితే మరో 60 రోజులు మన్నించే అధికారం ట్రైబ్యునల్‌కు ఉంది. మొత్తం 90. తొంభై ఒకటో రోజున మీ కారణం ఎంత న్యాయమైనదైనా ట్రైబ్యునల్ చేయగలిగింది ఏమీ లేదు.

సెక్షన్ 14 వివాదాల కోసం. అనుమతి షరతులు ఉల్లంఘిస్తున్నారు, అనుమతే లేకుండా నడుపుతున్నారు, వ్యర్థాలు వదులుతున్నారు వంటివి ఇక్కడికి వస్తాయి. వివాదానికి కారణం మొట్టమొదట పుట్టిన రోజు నుంచి 6 నెలలు, పైన 60 రోజులు. చట్టంలోని ఆ ‘మొట్టమొదట’ అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. మూడేళ్ల క్రితం మొదటి ఫిర్యాదు రాసి, దాన్ని గర్వంగా జతపరిచి, ఇప్పుడు సెక్షన్ 14 కింద వచ్చినవారికి ఆ కాగితమే అడ్డుపడుతుంది.

సెక్షన్ 15 పరిహారం కోసం, పాడైన ఆస్తినీ పర్యావరణాన్నీ పూర్వస్థితికి తేవడం కోసం. గడువు 5 సంవత్సరాలు, పైన 60 రోజులు. ఆరు నెలలు దాటిపోయాయని దిగులుపడేవారు ముందు ఈ సెక్షన్ చదవాలి. పరిహారం కోరదగిన నష్టాలు చట్టం రెండో షెడ్యూలులో ఉన్నాయి. మరణం, వైకల్యం, కోల్పోయిన కూలి, వైద్య ఖర్చులతో పాటు పాడి పశువులు, దుక్కిటెడ్లు, చేపలు, పంటలు, కూరగాయలు, తోటలు కూడా అందులో ఉన్నాయి. ప్రమాదంలో పరిశ్రమ తప్పు ఉందా లేదా అన్నది నిరూపించే బరువు బాధితుడి మీద లేదు. సెక్షన్ 17 ప్రకారం తప్పుతో నిమిత్తం లేకుండానే బాధ్యత వర్తిస్తుంది.

30 రోజులు ఎప్పటినుంచి?

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. అనుమతి ఉత్తర్వు మీ ఇంటికి రిజిస్టర్డ్ పోస్టులో రాదు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ఈ సమాచారాన్ని బయటపెట్టే బాధ్యత ముగ్గురి మీద ఉంది. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ‘పరివేష్’ అనే తన పోర్టల్‌లో పెట్టాలి. కంపెనీ స్థానిక పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. పంచాయతీ, మునిసిపాలిటీ వంటి సంస్థలు నోటీసు బోర్డులో పెట్టాలి. వీరిలో ఎవరు ముందు తెలియజేస్తే ఆ రోజు నుంచే లెక్క.

గుజరాత్‌లోని తల్లి గ్రామ పంచాయతీ ఈ సంగతి అనుభవపూర్వకంగా తెలుసుకుంది. సున్నపురాయి గనికి ఇచ్చిన అనుమతిపై ఆ పంచాయతీ అప్పీలు వేసింది. సమాచార హక్కు కింద అనుమతి ప్రతి చేతికందిన రోజు నుంచి గడువు లెక్కించుకుంది. 2025లో సుప్రీంకోర్టు ఆ లెక్క ఒప్పుకోలేదు. బాధ్యత ఉన్నవారిలో ఎవరైనా మొదట తెలియజేసిన తేదీయే ప్రమాణమని చెప్పి అప్పీలు కొట్టివేసింది. గని మంచిదా చెడ్డదా అన్న చర్చ దాకా విషయం వెళ్లనే లేదు.

కాబట్టి ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ సభ జరిగిందంటే, ఆ రోజు నుంచే పరివేష్ పోర్టల్‌ను వారానికోసారి చూసే మనిషిని ఒకరిని పెట్టుకోండి. చదువుకుంటున్న పిల్లలెవరైనా చేయగల పని ఇది. మార్చి 10న పత్రికలో ప్రకటన వచ్చిందనుకుందాం. మామూలు గడువు ఏప్రిల్ 9తో ముగుస్తుంది. మన్నింపుతో కలిపి జూన్ 8 వరకే. ఈ మధ్యలో పూర్తి నివేదికల కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టడం మంచిదే. అవి వచ్చాక అప్పీలు వేద్దామని కూర్చోవడం మాత్రం ప్రమాదం. అప్పీలు ముందు వేయండి, కాగితాలు తర్వాత జతపరచడానికి అనుమతి అడగవచ్చు.

అప్పీళ్లతో ఏమీ కాదనేవారూ ఉన్నారు. నల్గొండ జిల్లా యాదాద్రి థర్మల్ కేంద్రం సంగతి చూడండి. 4,000 మెగావాట్ల ప్రాజెక్టు. దానికిచ్చిన పర్యావరణ అనుమతిని 2022లో చెన్నై ధర్మాసనం ఒక అప్పీలు మీదే పక్కన పెట్టి, మరిన్ని అధ్యయనాలు చేయమంది. అంతకుముందు, ఈ ట్రైబ్యునల్ పుట్టకముందు, శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ కేంద్రం వద్దని జనం పోరాడారు. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఢిల్లీలో అప్పటి పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ఆ కేంద్రం అనుమతిని రద్దు చేసింది కూడా ఆ రోజే.

చట్టంలో ఈ మధ్య మారినవి

పాత దరఖాస్తు నమూనా ఎక్కడో దొరికితే దాన్నే కాపీ చేసేయకండి. రెండేళ్లలో చాలా మారింది.

థర్మల్ కేంద్రాల పొగ నుంచి గంధకం తొలగించే యంత్రాల విషయం చూడండి. 2015 డిసెంబరు 7న పెట్టిన ప్రమాణాల ప్రకారం అన్ని కేంద్రాలూ గంధక ప్రమాణాన్ని పాటించాల్సి ఉండేది. 2025 జులై 11న కేంద్రం దీన్ని సడలించింది. ఢిల్లీ పరిసరాలకు, పది లక్షలకు మించిన జనాభా ఉన్న నగరాలకు 10 కిలోమీటర్ల లోపు కేంద్రాలకు 2027 చివరి వరకు గడువిచ్చింది. కాలుష్యం తీవ్రంగా ఉన్న ప్రాంతాల్లోని వాటిని విడివిడిగా పరిశీలిస్తామంది. మిగతా అత్యధిక కేంద్రాలను, పొగగొట్టం ఎత్తు షరతుతో, గంధక ప్రమాణం నుంచి మినహాయించింది. మీ ఊరి కేంద్రం మూడో వర్గంలో ఉంటే ‘ఆ యంత్రం పెట్టలేదు’ అన్న ఫిర్యాదు నిలవడం కష్టం. దుమ్ముకణాల పరిమితి, బూడిద నియమాలు మాత్రం అలాగే ఉన్నాయి. 2021 డిసెంబరు 31 నాటి బూడిద నోటిఫికేషన్ ప్రకారం వినియోగించకుండా మిగిల్చిన బూడిదకు టన్నుకు 1,000 రూపాయల పర్యావరణ పరిహారం పడుతుంది. నా సలహా అడిగితే, థర్మల్ కేంద్రం మీద దరఖాస్తును పొగతో కాక బూడిదతో మొదలుపెట్టమంటాను. పొగను కొలవడానికి యంత్రం కావాలి, పొలంలో పడిన బూడిద ఫొటోకు దొరుకుతుంది.

ముందస్తు అనుమతి లేకుండా కట్టేసి తర్వాత క్రమబద్ధం చేసుకోవడం గురించి కూడా జాగ్రత్త. అలాంటి అనుమతులు చెల్లవని 2025 మే 16న వనశక్తి అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే కోర్టు నవంబరు 18న 2:1 మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. మే తీర్పును ఆధారంగా రాసిన దరఖాస్తులు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి.

బాధితులకు ఉపయోగపడే మార్పూ ఒకటుంది. పర్యావరణ నష్టానికి పరిహారం వేసే అధికారం కాలుష్య నియంత్రణ మండళ్లకు కూడా ఉందని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక ట్రైబ్యునల్‌కు వెళ్లేముందు మండలికి ఫిర్యాదు చేయడం వృథా కాదు. వాళ్లు వచ్చి నమూనాలు తీస్తే ఆ నివేదిక మీకు బలమైన సాక్ష్యం. ఫిర్యాదు ఇచ్చిన నాడే గడువు తేదీని గోడ మీద రాసుకోండి, అంతే.

కాగితాలు, ఫీజు

సెక్షన్ 14, 16 కింద వెళ్లేవారికి 2011 నియమాల్లోని ఒకటో ఫారం. పరిహారం కోరేవారికి రెండో ఫారం. అందులో మీ వివరాలు, ప్రతివాదుల వివరాలు, సంఘటనల క్రమం, గడువులోపే వచ్చామన్న ప్రకటన, మీరు కోరేదేమిటి అన్నవి ఉండాలి. సంఘటనల క్రమంలో ప్రతి వాక్యం తేదీతో మొదలయ్యేలా రాయండి. ‘ఎన్నో ఏళ్లుగా మా ఊరు కాలుష్యంతో అల్లాడుతోంది’ అని మొదలుపెడితే, గడువు దాటిందని మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

ఒక దరఖాస్తులో ఒకే వివాదం. బూడిద చెరువు, ఇసుక తవ్వకం, చెత్త కుప్ప మూడింటినీ ఒకేచోట కలిపితే రిజిస్ట్రీ (దరఖాస్తులు తీసుకునే ట్రైబ్యునల్ కార్యాలయం) అభ్యంతరం పెడుతుంది. ప్రతివాదులుగా కంపెనీతో పాటు కాలుష్య నియంత్రణ మండలిని, అవసరమైతే కేంద్ర మంత్రిత్వ శాఖను, జిల్లా కలెక్టరును చేర్చాలి.

విచారణ ఇంగ్లీషులో సాగుతుంది. పంచాయతీ తీర్మానం, పత్రికా ప్రకటన, అర్జీల రసీదులు తెలుగులో ఉంటాయి కాబట్టి వాటికి ఇంగ్లీషు అనువాదం జతపరచాలి. చివరి వారంలో చాలామందికి చెమటలు పట్టించేది ఈ పనే. ముందే మొదలుపెట్టండి. దరఖాస్తుతో పాటు నోటరీ చేయించిన అఫిడవిట్ ఉండాలి. న్యాయవాదిని పెట్టుకుంటే వకాలత్నామా. న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా. ఆలస్యమైతే దాన్ని మన్నించమని విడిగా ఇంకో దరఖాస్తు. అందులో ‘అనివార్య కారణాల వల్ల’ అని సరిపెట్టకుండా ఏ రోజు ఏం జరిగిందో రాయాలి.

ఫీజు ఎక్కువేమీ కాదు. పరిహారం కోరని దరఖాస్తుకు, అప్పీలుకు 1,000 రూపాయలు. పరిహారం కోరితే కోరిన మొత్తంలో ఒక శాతం, కనీసం 1,000. అంటే 20 లక్షలు అడిగితే 20 వేలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు, ఆ ధ్రువపత్రం జతపరిస్తే చాలు.

ట్రైబ్యునల్ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌గా దాఖలు చేసే వీలుంది. కాగితం మీద ఇచ్చేటప్పుడు మూడు ప్రతులు, ప్రతివాదుల సంఖ్యను బట్టి మరికొన్ని సిద్ధం చేసుకోవాలి. రిజిస్ట్రీ పరిశీలించి లోపాలు చెబుతుంది. పేజీ నంబర్లు లేకపోవడం, అనువాదం లేకపోవడం, మసక ఫొటోకాపీలు ఎక్కువగా దొరికే లోపాలు. చెప్పిన వ్యవధిలో సరిదిద్దితే నంబరు పడుతుంది.

దరఖాస్తు పెట్టే స్థోమత కూడా లేనివారి సంగతేమిటి? విశాఖపట్నం ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ విషవాయువు లీకై ప్రాణాలు తీసినప్పుడు బాధితులెవరూ అర్జీ పెట్టలేదు. మర్నాడే ట్రైబ్యునల్ తనంతట తాను కేసు చేపట్టి, కంపెనీని 50 కోట్ల రూపాయలు జమ చేయమంది. ఇలా స్వయంగా చేపట్టే అధికారం ట్రైబ్యునల్‌కు ఉందని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఉత్తరం రాస్తే చాలన్న నమ్మకం జనంలో అందుకే పుట్టింది. రాయవచ్చు. కానీ ఉత్తరాన్ని కేసుగా తీసుకోవాలో వద్దో వాళ్ల ఇష్టం. ఫారం మీద వచ్చిన దరఖాస్తుకు మాత్రం జవాబు చెప్పి తీరాలి.

నంబరు పడ్డాక

తొలి విచారణలో సాధారణంగా ప్రతివాదులకు నోటీసులు వెళ్తాయి. చాలా కేసుల్లో ఒక సంయుక్త కమిటీని వేసి క్షేత్రస్థాయిలో చూసి రమ్మంటారు. ఆ కమిటీ వచ్చే రోజు మీ భవిష్యత్తును నిర్ణయించే రోజు. ఏ బోరు నీళ్లు రంగు మారాయి, గట్టు ఎక్కడ తెగింది, ఎవరి పంట ఎంత పోయింది అన్నది చూపించడానికి మనుషుల్ని సిద్ధంగా ఉంచండి. నివేదికలో తప్పుంటే రాతపూర్వకంగా అభ్యంతరం దాఖలు చేయండి. మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే తీసుకుంటారు. వాయిదాలకు ప్రతిసారీ చెన్నై రైలెక్కనక్కర్లేదు, వీడియో ద్వారా హాజరుకావచ్చు.

ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆచరణలో అంతకు మించే పడుతుంది. వచ్చిన ఉత్తర్వు సివిల్ కోర్టు డిక్రీలా అమలవుతుంది. అమలు చేయకపోతే అందుకు మళ్లీ దరఖాస్తు వేయాలి. ఉత్తర్వు నచ్చకపోతే సుప్రీంకోర్టుకు అప్పీలు ఉంది. రాజ్యాంగంలోని 226వ అధికరణ కింద హైకోర్టు తలుపు కూడా మూసుకుపోలేదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఉత్తర్వు ప్రతి చేతికి రాగానే అది మీకు అందిన తేదీని మొదటి పేజీ మూలన రాసి సంతకం చేసి పెట్టుకోండి. సుప్రీంకోర్టుకు వెళ్లే 90 రోజుల లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది.