థర్మోకపుల్ ఇన్‌పుట్ మాడ్యూల్ మార్చే ముందు జాగ్రత్తలు

థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్) సిగ్నల్ తీసుకునే కార్డును మార్చడం గురించి ఇది. ప్లాంట్ నడుస్తుండగానే, మూడు ఛానెళ్ల (ఒకే పనిని సమాంతరంగా చేసే మూడు దారుల) సేఫ్టీ సిస్టమ్‌లో పని ఇది.

- వర్క్ పర్మిట్, బైపాస్ (ఆ రక్షణను తాత్కాలికంగా పక్కన పెట్టడం) అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. కంట్రోల్ రూమ్ ఆపరేటర్‌కు నోటితోనూ చెప్పండి.
- కొత్త మాడ్యూల్ మోడల్ నంబరు సరిచూడండి. చేతికి ఎర్త్ స్ట్రాప్ కట్టుకోండి.
- స్పేర్ స్లాట్‌ ఉన్న ర్యాక్ అయితే, కొత్త మాడ్యూల్ యాక్టివ్ లైట్ వెలిగాకే పాతది లాగండి. ఇక్కడ తొందర అస్సలు పనికిరాదు. ఒక ఛానెల్ పోయిందంటే రక్షణ భారమంతా మిగిలిన రెండింటి మీదే ఉంటుంది.
- వైర్లు విప్పాల్సి వస్తే రంగు చూసి ఊహించొద్దు, డ్రాయింగ్ చూడండి. అమెరికన్ పద్ధతిలో థర్మోకపుల్ ఎర్ర తీగ నెగటివ్! కె టైప్ (థర్మోకపుల్‌లో ఒక రకం) డిగ్రీ సెల్సియస్‌కు ఇచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులే. మధ్యలో రాగి తీగ అతికితే రీడింగ్ తప్పే ప్రమాదం ఉంది.
- బైపాస్ తీసేముందు పక్క సెన్సర్‌తో రీడింగ్ పోల్చండి.