తెలుగులో వెబ్ పేజీ – 7వ పాఠం: ‘గోంగూర పచ్’ ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ పాఠంలో మెనూ పేజీకి ఫాంట్లు పెట్టుకుందాం అని పోయినసారి చెప్పాను. అది వచ్చే పాఠానికి వాయిదా. 6వ పాఠం చూసి పేజీ చేసినవాళ్లలో చాలామంది ఒకే చోట ఆగిపోయారు. తప్పు నేనిచ్చిన కోడ్‌లోనే ఉంది. ముందు అది సరిచేయాలి.

బెంగళూరు మారతహళ్లిలో ఒక అక్క నడిపే ఆంధ్రా మెస్ కోసం రోజువారీ మెనూ పేజీ చేస్తున్నాం కదా. ఫోన్‌లో ఒక్కో వంటకం పేరు చిన్న కార్డులో పట్టాలి కాబట్టి, పేరు పొడవు 10 దాటితే, జావాస్క్రిప్ట్‌లో మాటని కోసే స్లైస్‌తో కత్తిరించి మూడు చుక్కలు పెట్టమన్నాను. ఇంగ్లీషు పేర్లతో చూసుకుని, సరిపోయిందనుకున్నాను. పేజీ చూపించగానే అక్క మొదటి కార్డు మీద వేలు పెట్టి, “ఈ పచ్ ఏంటి తమ్ముడూ?” అని అడిగింది. ‘గోంగూర పచ్చడి’ కాస్తా ‘గోంగూర పచ్...’ అయింది. ‘గుత్తివంకాయ కూర’ కాస్తా ‘గుత్తివంకా...’ అయింది.

మనుషుల పేర్లతో కార్డులు చేసినవాళ్లకి ఇంకా ఘోరం. ‘రాజ్యలక్ష్మి’ని ‘రాజ్యలక్ష్’ చేశాం, ‘వెంకటేశ్వర్లు’ని ‘వెంకటేశ్వర’ చేశాం. ఆ రెండోదే ఎక్కువ ప్రమాదం. అది కూడా సరైన పేరులాగే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ పట్టుకోరు.

ఫైల్‌ని యూటీఎఫ్-8లో సేవ్ చేయడం, పేజీ భాష తెలుగు అని చెప్పడం మళ్ళీ చెప్పను, అవి 2వ పాఠంలో అయిపోయాయి. నేరుగా బ్రౌజర్‌లో కోడ్ రాసి చూసే కన్సోల్ తెరవండి. కోట్స్ మధ్య ‘శ్రీ’ అని టైప్ చేసి, పొడవు చెప్పే డాట్ లెంగ్త్ పెట్టి ఎంటర్ కొట్టండి. 4 వస్తుంది.

మనం పలకమీద దిద్దింది ఒకే అక్షరం. కంప్యూటర్ దాచుకున్నది నాలుగు ముక్కలు: శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి. అన్ని లిపుల అక్షరాలకీ నంబర్లిచ్చే పద్ధతి యూనికోడ్; అందులో ఒత్తు అనే ముక్క విడిగా లేదు. హల్లు, దాని వెనక పొల్లు, ఆ వెనక ఇంకో హల్లు ఉంటే, రెండో హల్లుని ఒత్తుగా గీయడం ఫాంట్ పని. లెంగ్త్‌కి ఆ గీత సంగతి తెలియదు, ముక్కలు లెక్కపెడుతుంది, అంతే. అందుకే నాలుగు అక్షరాల రాజ్యలక్ష్మి దానికి 12. ఐదు అక్షరాల వెంకటేశ్వర్లు 13. ‘పెసరట్టు’ మనకి 4, దానికి 8. స్లైస్ కూడా అదే లెక్కతో కోస్తుంది కాబట్టి, పొల్లుకీ ఒత్తుకీ మధ్య కత్తి పడితే ‘పచ్’ మిగులుతుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. “10ని 20 చేశాం సార్, సరిపోయింది” అని ఎక్కువమంది రాశారు. సరిపోలేదండీ. మీరు చూసిన పేరుకి సరిపోయింది. తప్పు అలాగే ఉంది, పొడుగు పేరు కోసం కాచుకుని కూర్చుంది. ‘బెండకాయ కొబ్బరి వేపుడు’ పెట్టి చూడండి. 20 దగ్గర కోస్తే ‘బెండకాయ కొబ్బరి వేపు’ మిగులుతుంది. మెనూ చదివేవాడికి అది వంటకం కాదు, వంటవాడికి ఇచ్చే ఆర్డరు. 30 చేస్తే ఇంకో పేరు తెగుతుంది. ఫారంలో పేరు గడికి ఎంతవరకు టైప్ చేయొచ్చో చెప్పే మ్యాక్స్‌లెంగ్త్ పెట్టినా ఇదే కథ: 10 పెడితే రాజ్యలక్ష్మిగారు తన పేరు చివరి ‘మి’ టైప్ చేయలేరు. “పేరు 10 అక్షరాలు మించకూడదు” అన్న ఫారం నాలుగు అక్షరాల పేరుని ఆపేస్తుంది. అంకె పెంచడం మందు కాదు, లెక్కే మార్చాలి.

లెక్క మార్చడానికి జావాస్క్రిప్ట్‌లో మాటని అక్షరాలుగా విడదీసే ఇంటిల్ డాట్ సెగ్మెంటర్ ఉంది. ఫైర్‌ఫాక్స్‌లోకి మాత్రం 2024లో వచ్చింది. భాష దగ్గర తెలుగు కోడ్ ఇచ్చి ఒక సెగ్మెంటర్ చేసుకోండి, పేరుని దాని సెగ్మెంట్ మెథడ్‌కి ఇవ్వండి, వచ్చిన ముక్కల్ని అర్రేగా మార్చి మొదటి పది తీసుకుని మళ్ళీ కలపండి. ఎంతెంత ముక్కలు కావాలో (గ్రాన్యులారిటీ) చెప్పకపోయినా గ్రాఫీమే, అంటే కంటికి కనిపించే అక్షరమే తీసుకుంటుంది, నేనెప్పుడూ రాయను.

ఇందులోనూ ఒక మెలిక. 2023లో యూనికోడ్ 15.1 వచ్చేవరకూ, సెగ్మెంటర్ వాడే యూనికోడ్ నియమాలు ‘చ్చ’ని రెండుగా విడదీసేవి. పాత ఫోన్లలో ఇప్పటికీ అంతే. అందుకని నా పద్ధతి: కోసిన ముక్క చివర పొల్లు ఉందా, దాని కోడ్ 0సీ4డీ, అని చూస్తాను. ఉంటే, అసలు పేరులో దాని తర్వాతిది హల్లు అయితే ఒక అక్షరం వెనక్కి వెళ్తాను. ఖాళీ వచ్చినా, పేరు అక్కడితో అయిపోయినా ముట్టుకోను. ఎందుకంటే ‘చికెన్’, ‘మీల్స్’ నిజంగానే పొల్లుతో ముగుస్తాయి. చివరి పొల్లుని గుడ్డిగా తీసేసిన ఒకరి పేజీలో చికెన్ ‘చికెన’ అయింది.

‘ఫ్రైడ్‌రైస్’లో ఇంకోటి ఉంది. ‘డ్’ కింద ‘ర’ ఒత్తుగా దిగిపోకుండా మధ్యలో కనిపించని ముక్క ఒకటి పెడతాం, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని. కంటికి కనబడదు, లెంగ్త్‌లో మాత్రం ఒకటి. దాన్ని చిన్నచూపు చూడకండి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలడానికి కారణమైన తెలుగు అక్షరం ‘జ్ఞా’. జ, పొల్లు, ఞ, ఈ కనిపించని ముక్క, దీర్ఘం, ఆ వరుసలో వస్తే చాలు. ఆ నెలలోనే ఆపిల్‌వాళ్లు ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.2.6 తెచ్చి సరిచేశారు. కోట్లమంది రాసుకునే లిపిని పరీక్షించకుండా వదిలితే అంత దూరం పోతుంది. అప్పుడు మన లిపినే తప్పుబట్టినవాళ్లని చూసి నాకు చాలా బాధేసింది.

నిజానికి మెనూ కార్డుకి ఈ కోడేదీ నేను వాడను. పేజీ రూపు చెప్పే సీఎస్‌ఎస్‌లో టెక్స్ట్ ఓవర్‌ఫ్లో ఎలిప్సిస్ పెడితే బ్రౌజరే వెడల్పు చూసి ఆపుతుంది. రెండు వరుసలు కావాలంటే లైన్ క్లాంప్. పేరు మొత్తం పేజీలో అలాగే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మొత్తం చదువుతుంది. సెగ్మెంటర్ అవసరమయ్యేది నోటిఫికేషన్ల లాంటి చోట్ల. ఎస్ఎంఎస్‌కి మాత్రం అదీ పనికిరాదు: ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కి 160 పడితే తెలుగులో 70, అవీ ముక్కల లెక్కే. దాటితే 67 చొప్పున విడగొట్టి, ప్రతి భాగానికీ డబ్బు తీసుకుంటారు. అక్క మెనూని ఎస్ఎంఎస్‌లో పంపాలనుకునేవాళ్లు ముందు లెంగ్త్ చూసుకోండి, అక్కడ అది సరైన కొలత.

అక్షరాలు లెక్కపెట్టే ఆన్‌లైన్ టూల్స్ గురించి అడిగారు. నేను చూసినవాటిలో చాలావరకు లెంగ్త్‌నే చూపిస్తాయి. అంతకంటే టెన్షన్ పెట్టిన సంగతి: ఒకరు నెలవారీ భోజనం కట్టుకునేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న షీట్ మొత్తం అలాంటి టూల్‌లో పేస్ట్ చేశారు. దయచేసి చేయకండి. ఆ నంబర్లు మనవి కావు. టూల్ పేజీ తెరిచాక నెట్ ఆపేసి, ఉత్తుత్తి పేరు ఒకటి పేస్ట్ చేయండి. పని చేయకపోతే మీరిచ్చేది వాళ్ల సర్వర్‌కి పోతోందని అనుకోండి. పని చేసినా నమ్మేయకండి, పేజీ బయటికి ఏం పంపుతోందో చూపించే, కన్సోల్ పక్కనుండే నెట్‌వర్క్ ట్యాబ్ కూడా చూడండి. లెక్క కోసమైతే మీ కన్సోల్ చాలు.

అభ్యాసం. ఇంట్లోవాళ్లవీ చుట్టాలవీ 20 పేర్లు తెలుగులో రాయండి, వాటిలో కనీసం ఐదింటిలో ఒత్తు కింద ఒత్తు ఉండాలి, ‘లక్ష్మి’లోలాగా. కంప్యూటర్ ముట్టుకోకుండా, ప్రతి పేరునీ కాగితం మీద ముక్కలుగా విడదీసి రెండు లెక్కలూ వేయండి: మన లెక్క, లెంగ్త్ లెక్క. తర్వాత కన్సోల్‌తో సరిచూడండి. ఆపైన ప్రతి పేరునీ 1 నుంచి చివరిదాకా ప్రతి చోటా కోసి, ఎక్కడ వేరే మాట పుడుతుందో గుర్తుపెట్టండి. రెండు సాయంత్రాలు పడుతుంది. లెక్క తప్పినచోట కోడ్ పంపకండి, ఆ కాగితం ఫోటో పంపండి.