హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లకు బీపీ 95 చూపిస్తే

మా నాన్నకు హార్ట్ ఫెయిల్యూర్, అంటే గుండె రక్తాన్ని సరిపడా తోయలేని జబ్బు. గుండె పంపింగ్ 30 శాతమే. మెషిన్‌లో మొదటిసారి 95/60 చూసిన రోజు అమ్మ కంగారుపడి మాత్రలు ఆపేసింది, ఉప్పు వేసిన మజ్జిగ కలిపి ఇచ్చింది. రెండూ చేయకూడనివే. ఉప్పు ఒంట్లో నీరు పట్టిస్తుంది. మాత్రలు మానేస్తే గుండె ఇంకా దెబ్బతింటుంది.

సమస్య: అంకె తక్కువ, మనిషి మామూలుగానే ఉన్నారు

ఈ జబ్బు మందులు గుండె మీద భారం తగ్గిస్తాయి, దాంతో బీపీ కొంత దిగుతుంది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తులో ఉంచి మళ్లీ చూడండి. కళ్లు తిరగడం, నీరసం లేకపోతే మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. పై అంకె 90 లోపు ఉంటే మాత్రం డాక్టర్‌కు ఫోన్ చేయండి.

సమస్య: లేవగానే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి

నాన్న తెల్లవారుజామున మంచం దిగి, రెండడుగులు వేసి గుమ్మం పట్టుకుని నిలబడిపోయేవారు. పడుకున్నప్పుడు 108, నిలబడ్డాక 84. లేచిన మూడు నిమిషాల్లో పై అంకె 20 పడిపోతే తేలిగ్గా తీసుకోకూడదు.

చాలాసార్లు కారణం వేరేచోట ఉంటుంది. ప్రోస్టేట్‌కు వాడే టామ్సులోసిన్ కావచ్చు. విరేచనాలు పట్టుకున్నా అదే మోతాదులో మింగుతున్న నీరు తీసే మాత్ర కావచ్చు. మా ఇంట్లో అయితే, ఎప్పుడో వేరే డాక్టర్ బీపీకి రాసిన ఆమ్లోడిపిన్ ఇంకా నడుస్తోంది!

మాత్రలన్నీ ఒక సంచిలో వేసి కార్డియాలజిస్టు ముందు పెట్టండి. అక్కర్లేనివి తీసేస్తారు. వాపు లేకపోతే నీరు తీసే మాత్ర తగ్గిస్తారు. అన్నీ ఒకేసారి వేసుకుంటుంటే వేళలు మారుస్తారు. గుండెను కాపాడే మాత్రల జోలికి చివరగా వెళతారు. వాటిలోనూ స్పైరోనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్ బీపీని పెద్దగా దించవు.

సమస్య: బీపీ తక్కువ, పైగా ఆయాసం, చేతులు కాళ్లు చల్లబడటం, మూత్రం తగ్గడం

ఇది మాత్రల వల్లేలే అని ఊరుకోవద్దు. గుండె రక్తాన్ని తోయలేకపోతోందేమో. అమెరికా ఆసుపత్రుల్లో జరిపి 2006లో ప్రచురించిన ఒక పెద్ద పరిశీలనలో, హార్ట్ ఫెయిల్యూర్‌తో చేరినప్పుడు పై అంకె 120 లోపున్న వారిలో 7.2 శాతం ఆసుపత్రిలోనే చనిపోయారు. 161 దాటినవారిలో 1.7 శాతమే. ఈ లక్షణాలు కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

సమస్య: బీపీ 130 దాటుతోంది

బీపీని పెంచుతున్నదేమిటో చూడండి: ముందు ఆవకాయ, అప్పడాల్లోని ఉప్పు, తర్వాత మోకాళ్ల నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్ మాత్ర. రోజూ పొద్దున్నే బరువు చూసి రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది నీరే, అదే రోజు డాక్టర్‌తో మాట్లాడండి.