పంచాయతీరాజ్ మంత్రికి అర్జీ రాయడం ఎలా?

మంత్రి పేషీకి పంపే అర్జీలు రాసిపెట్టమని మా ప్రాంతపు సర్పంచులు, వార్డు సభ్యులు, రైతులు చాలాకాలంగా నా దగ్గరికి వస్తున్నారు. న్యాయమైన కోరికలు సైతం రాత సరిగా లేక దస్త్రాల్లో నిలిచిపోవడం చూసి చూసి విసిగి, ఈ పద్ధతిని రాస్తున్నాను.

కావలసినవి తెల్ల కాగితం, నల్ల సిరా కలం, ఆధార్ నకలు, సమస్య స్పష్టంగా కనిపించే రెండు ఫొటోలు, అంతకుముందు కింది అధికారులకు ఇచ్చిన దరఖాస్తుల నకళ్లు. అర్జీ ఒక్క పేజీ దాటకూడదు, అందులో ఒక్క విషయమే ఉండాలి. రోడ్డు, పింఛను, శ్మశానం, రేషన్ కార్డు ఒకే కాగితంలో రాస్తే అది నాలుగు శాఖల మధ్య తిరుగుతుంది, దానికి జవాబుదారీ ఎవరూ ఉండరు. పైన మంత్రి పేరు, హోదా, కింద విషయం, గ్రామం, మండలం, జిల్లా రాయాలి.

అసలు కష్టం మంత్రిని ఏం కోరాలన్న దగ్గరే వస్తుంది. ఇక్కడ తొందర పనికిరాదు.

1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామ పంచాయతీని ఎన్నికైన పాలక సంస్థగా నిలబెట్టింది. దానికి అప్పగించదగిన 29 అంశాలను 11వ షెడ్యూలులో పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 1994 పంచాయతీరాజ్ చట్టం, తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ఆ మేరకు పనిచేస్తున్నాయి. కాబట్టి మంత్రి ఊరి సర్పంచికి పై సర్పంచి కారు. వీధి దీపం మార్చడం, మురుగు కాలువలో పూడిక తీయడం పంచాయతీ తన తీర్మానంతో, తన నిధులతో చేసుకోవలసిన పనులు. ఎన్నికల నిర్వహణ రాష్ట్ర ఎన్నికల సంఘానిది, పట్టా, సర్వే వివాదాలు రెవెన్యూ శాఖవి. మీ ఊరు ఈమధ్య పురపాలికలో కలిసిందేమో కూడా చూసుకోవాలి, ఎందుకంటే అప్పుడు వెళ్లవలసింది పురపాలక శాఖకు. రోడ్డు విషయమైతే అది పంచాయతీరాజ్‌దా, రోడ్లు భవనాల శాఖదా అని మండలంలోని ఇంజనీరును అడిగి తెలుసుకోకుండా ఒక్క అక్షరం రాయకూడదు.

మంత్రి చేతిలో ఉన్నవి వేరు: విధానం, జీవోలు, నిధుల విడుదల, పంచాయతీరాజ్ శాఖ కమిషనర్ నుంచి మండల పరిషత్ అభివృద్ధి అధికారి వరకు యంత్రాంగంపై పర్యవేక్షణ, విచారణకు ఆదేశించే అధికారం. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయంటే, అది అప్పటి పంచాయతీరాజ్ మంత్రి పవన్ కల్యాణ్ శాఖ ద్వారా యంత్రాంగాన్ని కదిలించడం వల్ల జరిగింది. సభ జరిపి తీర్మానం చేయవలసింది మాత్రం ఊరే. ఈ తేడా మనసులో పెట్టుకొని కోరిక రాయాలి.

ఇంతకంటే ప్రమాదకరమైన చోటు మరొకటి ఉంది. మంత్రి అర్జీపై "తగు చర్య నిమిత్తం" అని రాస్తే అది కమిషనర్‌కు, అక్కడి నుంచి జిల్లా పంచాయతీ అధికారికి, అక్కడి నుంచి మండలానికి దిగుతుంది. చివరికి "నివేదిక పంపగలరు" అన్న మాటతో చేరేది పంచాయతీ కార్యదర్శి బల్ల మీదికే. ఫిర్యాదు ఆ కార్యదర్శి మీదే అయితే ఆయన తన గురించి తానే నివేదిక రాసుకుంటారు, "సమస్య పరిష్కరించబడినది" అని దస్త్రం మూసేస్తారు. అందువల్ల "న్యాయం చేయగలరు" అని ముగించకూడదు. ఎవరు, ఏ పని, ఎప్పటిలోగా అన్నది స్పష్టంగా ఉండాలి: "ఈ విషయంపై మండల స్థాయికి పైనున్న డివిజనల్ పంచాయతీ అధికారి చేత, గ్రామస్థుల సమక్షంలో, ముప్పై రోజులలోగా విచారణ జరిపించి, నివేదిక నకలు మాకు ఇప్పించవలసిందిగా కోరుచున్నాము."

చాలామంది ఎమ్మెల్యే సిఫారసు లేఖ జతచేస్తే చాలనుకుంటారు. గ్రామసభ తీర్మానం నకలుకు ఉన్న బలం దానికి లేదు. సిఫారసు ఒకరి అభిప్రాయం, ఎమ్మెల్యే మారితే దాని విలువా పోతుంది. తీర్మానం చట్టం గుర్తించిన సభ నిర్ణయం, దాన్ని పక్కన పెట్టే అధికారి కారణం చెప్పుకోవలసి వస్తుంది. మూడువందల సంతకాల పత్రం కంటే కూడా తేదీ, సంఖ్య, కార్యదర్శి ముద్ర ఉన్న అరపేజీ తీర్మానమే మేలు. తీర్మానం లేకుండా ఊరి పని కోసం మంత్రి దగ్గరికి వెళ్లవద్దు.

ఇచ్చే పని తేలిక. ముందు సోమవారం కలెక్టరేట్‌లో, అంటే ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో, తెలంగాణలో ప్రజావాణిలో ఇచ్చి, ఆ రసీదు సంఖ్యను మంత్రి అర్జీలో మొదటి వాక్యంలోనే రాయాలి. పేషీలో ఇచ్చినప్పుడు రెండో ప్రతిపై తేదీతో ముద్ర వేయించుకోవాలి. మంత్రితో ఫొటో దిగి ముద్ర మరిచి వచ్చేవారే ఎక్కువ. నెల దాటినా కదలిక లేకపోతే, 2005 సమాచార హక్కు చట్టం కింద కమిషనర్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారిని ఆ అర్జీ ఏ తేదీన ఏ అధికారి వద్దకు వెళ్లింది, ఎవరు ఏం రాశారు అని అడగాలి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబులో అర్జీ ఏ బల్ల దగ్గర ఆగిందో తెలుస్తుంది, రెండో అర్జీని ఆ అధికారి హోదా ప్రస్తావించి రాయాలి.